నీడన ఆరాల్సిన తోలు

పన్నెండింటి నుంచి కేశవులు నా అంగడి ముందు ఎండలో నిలబడి ఉన్నాడు. నిలబెట్టింది నేను. వాడు మాత్రం తోలు నిలబెట్టింది అనుకుంటున్నాడు. నడుముకు కొత్త బెల్టు, బెల్టుకు కుడిపక్కన తడి ఒర, ఒరలో పాల కవరు చుట్టిన రివాల్వరు. ఒర మరీ బిగుతుగా ఉంది, పెడితే దిగడం లేదు, దిగితే రావడం లేదు అని పొద్దున పట్టుకొచ్చాడు. బిగుతుగానే ఉంటుంది. కుట్టింది నేను, నాకు తెలియదా? కొత్త తోలు ఎవరి మాటా వినదు. దాన్ని నానబెట్టి, లోపల ఉండాల్సిన వస్తువును దించి, ఏ నడుము మీద ఉండాలో ఆ నడుముకే కట్టి ఆరనిస్తే అప్పుడు వస్తువుకూ లొంగుతుంది, నడుముకూ లొంగుతుంది. అంతవరకు వాడికి చెప్పింది నిజమే. సాయంత్రం ఎమ్మిగనూరులో కొడుకు మనీష్ నిశ్చితార్థమట. కొత్త వియ్యంకుడి పక్కన కూర్చున్నప్పుడు చొక్కా కాస్త పైకి లేవాలి, ఒర కనపడాలి. దానికోసం ఆదోనిలో అందరికంటే పెద్ద జిన్నింగు మిల్లు నడిపే మనిషి, మే నెల మధ్యాహ్నం, రెండు చేతులూ నడుముకు దూరంగా పెట్టుకొని, కొయ్యకు ఉతికిన చొక్కా తగిలించినట్టు నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపప్పా ఆదెప్పా?"

"తోలు సెప్పాల సావుకారీ. నేను సెప్పేది కాదు."

"రోంత కూసుంటే ఏమి?"

"కూసుంటే నడుము కాడ మడత పడతాది. మడత పడితే మళ్ళా జారతాది."

జారుతుంది అన్న మాట వినగానే నిటారుగా అయ్యాడు. ఆ మాటకు వాడు భయపడతాడని నాకు తెలుసు. మూడేళ్ళ కింద ఒకసారి జారింది. అది జారినందుకే నేను ఈరోజు ఒంటరిగా వండుకుంటున్నాను.

వాడు నన్ను నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాడి తండ్రికి మా నాయన కిర్రు చెప్పులు కుట్టేవాడు. కొత్త చెప్పులను నీళ్ళలో ముంచి, తడిమీదే కాళ్ళకు తొడిగి, ఆరేదాకా విప్పొద్దని చెప్పేవాడు. ఆ పెద్దాయన వసారాలో, అరుగు మీద, విసనకర్ర పట్టుకొని చెప్పులతో అటూ ఇటూ తిరిగేవాడు. చిన్నప్పుడు కేశవులు అది చూశాడు. పొద్దున నేను తడి ఒరను చేతిలో పట్టుకొని, కట్టుకొని నిలబడాల సావుకారీ అనగానే నవ్వాడు. "మా నాయన్ను మీ నాయన నిలబెట్టినట్ల నన్నూ నిలబెడతావు. రెండు తరాల మర్యాద గదప్పా మనది" అన్నాడు. వసారా సంగతి మరిచిపోయాడు. నీడ సంగతి మరిచిపోయాడు. నీడలో ఉన్నవాళ్ళకు నీడ గుర్తుండదు.

మా నాయన తోలు కుట్టే ఆరె పట్టుకోవడం నేర్పకముందే నేర్పిన మాట ఒకటుంది. తోలును నీడన ఆరబెట్టాల. ఎండన పెడితే ముడుచుకుంటాది, మొండిదైతాది, పట్టినదాన్ని ఇంగ వదలదు. హాలహర్వి పక్క మా ఊర్లో ఆయన బావి నీళ్ళు తోడే మోటలకు తోలు తొండాలు కుట్టినవాడు. మోటలు పోయాయి, తొండాలు పోయాయి, ఆయనా పోయాడు. ఆ మాట నా చేతుల్లో ఉండిపోయింది. ఐదో తరగతి దాకా చదువుకున్నదంతా చెరిగిపోయింది గాని అది చెరగలేదు. నలభై ఏళ్ళుగా చెప్పులు, ఎద్దుల పట్టెడలు, బెల్టులు, సంచులు ఎన్ని చేశానో. ఒక్కటి ఎండన పెట్టలేదు. వాన పట్టి పది రోజులు ఆరకపోయినా పెట్టలేదు. ఈరోజు పెట్టాను. వాడి నడుము మీద చుట్టూ తోలు రంగు మారుతోంది. ముదురు గోధుమరంగు అంచుల నుంచి లేత పడుతూ లోపలికి వస్తోంది. చూస్తుంటే నా చేతివేళ్ళు లాగుతున్నాయి, లేచి పోయి నీడలోకి జరపమని. చేతులకు బుద్ధి లేదు. వాటిని తొడల కింద పెట్టుకొని కూర్చున్నాను.

ఇది ఎమ్మిగనూరు రోడ్డు. నా రేకుల అంగడికి తప్ప ఇటు వంద గజాలు, అటు వంద గజాలు నీడ లేదు. ఎదురు అంగళ్ళన్నీ షట్టర్లు దించేశాయి. కోట కొండ రాళ్ళు పొద్దున్నుంచీ తాగిన ఎండను ఇప్పుడు ఊరి మీదికి వదులుతున్నాయి. రోడ్డు పక్కన వాడి తెల్ల కారు, అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, లోపల డ్రైవరు ఉమేష్. నా పక్కన కుండ, కుండకు తడి గుడ్డ, మీద మూత, మూత మీద గ్లాసు. కుండ నా భార్య సుంకులమ్మ కొన్నది. టైము చూసే బటన్ల ఫోను కూడా ఆమెదే. దానికి ఎవరూ ఫోన్ చేయరు. అయినా రోజూ ఛార్జింగు పెడతాను. పన్నెండూ ఇరవై.

సుంకులమ్మది మాధవరం. తుంగభద్ర పక్క పుట్టిన మనిషి. పెళ్ళయి నా వెంట వచ్చిన మొదటి వారంలోనే బిందెలతో బోరింగు కాడ లైన్లో నిలబడి, తిరిగొచ్చి బిందె దించి, "మా ఊర్లో ఏరుండాది, మీ ఊర్లో బిందె ఉండాది. అంతే తేడా" అనింది. ముప్పై ఏళ్ళు ఆ మాట అంటూనే ఉండింది. బిందె నిండినప్పుడల్లా, నిండనప్పుడల్లా. ఎమ్మిగనూరు జాతరకు చెప్పులు అమ్మడానికి పోతే నా పక్కన గోనెపట్టా మీద కూర్చొని, బేరమాడేవాళ్ళ కాళ్ళు చూసి, "ఈయప్ప కాళ్ళకు చెప్పులెందుకు, చెప్పులకే ఈ కాళ్ళు కరుస్తాయి" అని నా చెవిలో చెప్పేది. నేను నవ్వేవాణ్ణి కాను. బేరం పోతుందని కసురుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వొస్తుంది. ఎవరికి నవ్వి చూపించను? ఏటి పక్క పుట్టిన మనిషి, గొంతు తడవక పోయింది.

అదీ మే నెలే. కేశవులు మిల్లులో ఆమె పత్తి ఏరే పని చేసేది. ఎండుటాకులు, గింజ పెంకులు తీసేసే పని. పొద్దున పోయేటప్పుడు ఖాళీ సీసా నాకిచ్చి నీళ్ళు పట్టివ్వమనింది. నేను చెప్పుకు మడమ కుడుతున్నాను. లేవలేదు. "మిల్లులో కుండ లేదా?" అన్నాను. ఆమె సీసా అక్కడే పెట్టి పోయింది. అది చెప్పడం నాకు ఇష్టం లేదు. కాని వాణ్ణి నిలబెట్టి ఆ మాట దాచుకుంటే నేనూ వాడిలాంటివాణ్ణే అవుతాను.

తర్వాతది యశోద చెప్పింది. ఆమె పక్కనే ఏరే మనిషి. పదకొండున్నరకు కేశవులు కారు దిగి మిల్లులోకి వచ్చాడు. కాసేపటికి నడుము తడుముకున్నాడు. పాత ఒర ఖాళీగా ఉంది. రివాల్వరు లేదు. మిల్లంతా వెతికించాడు. గేటు కాపలా అయ్యన్నతో గేటుకు తాళం వేయించాడు. పన్నెండుకు ఏరే ఆడవాళ్ళను పదహారు మందిని పత్తి ఆరబోసే సిమెంటు కళ్ళంలో వరసగా నిలబెట్టాడు. పైట ముడుల్లో దాచుకున్నారని చేతులు పక్కకు పెట్టించాడు. దొరికేదాకా ఎవరూ కదలకూడదన్నాడు. సిమెంటు కాళ్ళను కాల్చింది. చెప్పులు పత్తి ఏరే షెడ్డు గుమ్మం కాడే ఉండిపోయాయి. ఆమె చెప్పులు నేను కుట్టినవి. సుంకులమ్మ మూడుసార్లు నీళ్ళడిగింది. మూడోసారి అయ్యన్న మనసు ఆగక కుండ కాడికి పోబోయాడు. కేశవులు నవ్వి, "నీళ్ళిస్తే దాచింది కడుపులోకి దిగిపోతాదిరా" అన్నాడు. మూడు గంటలకు, రివాల్వరు కారు సీటు కింద దొరికిందని, ఇంక పొమ్మని గేటు తీయించాడు. పదిహేను మంది చెప్పుల కోసం పరిగెత్తారు. ఆమె పరిగెత్తలేదు. సిమెంటు మీద పడి ఉంది.

నేను ఆరోజు ఎమ్మిగనూరులో, సంతలో ఉన్నాను. ఎవరో ఫోన్ చేస్తే చెప్పులన్నీ గోనెలో కుక్కి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. గాలి వేడిగా తగులుతుంటే ఎవరినో తిట్టుకున్నాను. బస్సులో నీళ్ళు తాగాను కూడా. ఆస్పత్రిలో కాగితం మీద వడదెబ్బ అని రాశారు. ఎండకు ముద్దాయి ఉండడు. మిల్లు నుంచి ఒక బియ్యం బస్తా వచ్చింది. ఆ బస్తాను అదే బండిలో వెనక్కి పంపాను. కేశవులు రాలేదు. నా మొహం వాడు ఎప్పుడూ చూడలేదు.

అందుకే నెల కింద అంగడికి వచ్చి ఒర కుట్టమన్నప్పుడు నన్ను గుర్తుపట్టలేదు, నేను చెబితే మా నాయన మాత్రం గుర్తొచ్చాడు. ఎవరో చెప్పారట, ఆదోనిలో నీ కుట్టంత గట్టి కుట్టు లేదని. వాడు చూసింది నా చేతులనే. ఉమేష్ మాత్రం నన్ను చూశాడు. ఆరోజు ఆమెను ఆస్పత్రికి ఆ కారులోనే తీసుకొచ్చింది ఉమేష్. వరండాలో నా ఎదురుగా గోడకు ఆనుకొని నిలబడి ఏడ్చింది కూడా అతనే. నన్ను చూశాడు, సావుకారిని చూశాడు, చెప్పకుండా కారెక్కి కూర్చున్నాడు. పొద్దున కూడా అంతే. కొలత కోసం రివాల్వరు నా చేతికి ఇచ్చేముందు కేశవులు తూటాలు తీసి నా ఆరెల డబ్బాలో వేశాడు. ఆరు. ఇప్పుడూ అందులోనే ఉన్నాయి, ఆరెల మధ్య. ఆ ఇనుము నా చేతిలో ఉన్నంతసేపూ ఆలోచించలేదని చెప్పను. ఆలోచించాను. కాని గుండు అంటే ఒక్క క్షణం. ఆమె మూడు గంటలు నిలబడింది. క్షణంతో నాకేం పని?

నేననుకున్నది చిన్నది. వాణ్ణి ఎండలో నిలబెట్టాలి. వాడు నీళ్ళడగాలి. వాడి నోటితో, నన్ను. అప్పుడు గ్లాసు నిండా ఇస్తాను. తాగుతుండగా చెబుతాను, నా భార్య కూడా అడిగింది సావుకారీ, మూడుసార్లు అడిగింది అని. ఆ నీళ్ళు వాడి గొంతులో అడ్డం పడాలి. అంతే. ఆపైన ఒర విప్పి నీడలో ఆరబెట్టి, మళ్ళీ నూనె పట్టించి, సరిగ్గా చేసి ఇచ్చేస్తాను. పని చెడగొట్టడం నాకు చేతకాదు. రాత్రంతా అదే అనుకున్నాను. పన్నెండున్నరకు కూడా అదే అనుకుంటున్నాను.

చెమట వాడి చొక్కాను వీపుకు అతికించింది. కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు. నోరు మాత్రం ఆగలేదు. మాట్లాడితే ఎండ తగ్గుతుందనుకునే రకం.

"ఆ పాత ఒర ఉండె చూడు, వదులైపోయి గోనె మాదిరి అయింది. దాన్ని నమ్మి ఒకసారి మోసపోతినప్పా."

నేను మైనం ముద్దకు దారం రుద్దుతున్నాను.

"కారు దిగేటప్పుడు సీటు కిందికి జారిపోయిండాది. నేను మిల్లులో పాయ అనుకుంటి. లైసెన్సుది గదా, పోతే స్టేషన్ల చుట్టూ తిరగల్ల. ఆడోళ్ళనంతా కళ్ళంలో నిలబెట్టిస్తి. అరగంటకే ఉమేషు వచ్చి చెవిలో చెప్పె, సీటు కింద ఉండాది సార్ అని."

దారం ఆగింది.

"అరగంటకేనా సావుకారీ?"

"ఆఁ, పన్నెండున్నరకే. అయితే ఏం జేస్తావు? అంతమంది ముందర అంతమాట అనేసినాక, సీటు కిందుంది పోండమ్మా అంటే నా మర్యాద ఏం గావాల? రేపట్నుంచి నా మాట ఎవురింటారు? మూడు దాంక ఉంచి, అప్పుడు దొరికిందని వదిలిపెట్టిస్తి." చేత్తో నుదురు తుడుచుకున్నాడు. "ఒకామె పడిపాయలే. ఆయమ్మకు ముందే ఏదో రోగముండాదంట."

ఆమెకు ఏ రోగమూ లేదు. రెండు నిండు బిందెలు ఒకేసారి మోసేది. పన్నెండున్నర. అప్పటికి ఆమె ఎన్నిసార్లు అడిగి ఉంటుంది? ఒకసారి. లేదా ఒక్కసారి కూడా అడిగి ఉండదు. ఆమెకు అడగడం ఇష్టం ఉండదు, పొద్దున నన్నడిగి సీసా అక్కడే వదిలేసి పోయింది కదా. పన్నెండున్నరకు గేటు తీసి ఉంటే చెప్పులు తొడుక్కొని ఉండేది. తిట్టుకుంటూ ఇంటికి నడిచి వచ్చి ఉండేది. మీ ఊర్లో బిందె ఉండాది అని ఉండేది. మూడేళ్ళుగా నేను మూడు గంటలనే మోశాను. దొరక్కపోతే ఎవడైనా అంతే చేస్తాడేమో, కోపంలో, భయంలో అనుకొని ఒక మూల ఏదో మిగుల్చుకున్నాను, నాకు తెలియకుండానే. ఆ మిగులు ఇప్పుడు పోయింది. వాడికి కోపం లేదు. భయం లేదు. రివాల్వరు జేబులో పెట్టుకొని, ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చొని, గడియారం చూస్తూ, ఆమెను రెండున్నర గంటలు నిలబెట్టాడు. మర్యాద కోసం. ఉమేష్‌కు తెలుసు. తెలిసి చెప్పలేదు. ఆస్పత్రి వరండాలో ఎందుకు అంతలా ఏడ్చాడో ఇప్పుడు తెలిసింది. కారు వైపు చూశాను. నల్ల అద్దం వెనక ఒక ఆకారం. కదలడం లేదు. నా వైపే చూస్తూ ఉండాలి.

ఒకటైంది. ఒకటీ ఐదైంది. నేను దారం మళ్ళీ మైనానికి రుద్దాను. చేతులు ఇప్పుడు తొడల కింద పెట్టుకోనక్కర లేదు. అవి నిమ్మళించాయి. లేచి పోయి వాడి నడుము కాడ ఒరను బొటనవేలితో నొక్కి చూశాను. ఆరింది. ఎముకలా ఆరింది. ఎండకు ముడుచుకొని, ఇనుము ప్రతి వంపునూ పట్టేసింది. నీడలో ఆరి ఉంటే చెయ్యి వేస్తే జారి వచ్చేది, చెయ్యి తీస్తే నిలిచి ఉండేది. ఇది అలా కాదు. నా చేతి మీదుగా బయటికి పోయిన మొదటి చెడ్డ పని. మా నాయన ఉంటే చెంప పగలగొట్టేవాడు. పగలగొట్టనీ.

"ఆరిందా?"

"లేదు సావుకారీ."

తిరిగి వచ్చి నా పట్టా మీద కూర్చున్నాను. అరగంటకే దొరికింది, మూడు దాకా ఉంచాడు. ఇది గంటకే ఆరింది, నేనూ మూడు దాకా ఉంచుతాను. ఆ మాట లోపల ఎంత చల్లగా ఉందో. కుండలో నీళ్ళంత చల్లగా.

వాడి పెదవులు తెల్లబడ్డాయి. కళ్ళ ముందు చేతిని ఒకసారి ఊపుకున్నాడు, ఈగను తోలినట్టు. ఈగ లేదు. కుండ వైపు చూసి కళ్ళు తిప్పుకున్నాడు. మర్యాద అడ్డం వచ్చి ఉంటుంది, నా కుండలో నీళ్ళు తాగాలా అని. ఎండకు మర్యాద తెలియదు.

"ఆదెప్పా. రోన్ని నీళ్ళీప్పా."

గ్లాసు తీశాను. మూత తీసి, ముంచి, నిండుగా పట్టుకొని, ఒలకకుండా నడిచి ఎండలోకి పోయాను. వాడు చెయ్యి చాచాడు. ఆ చేతిని దాటించి, గ్లాసు వంచి, నీళ్ళన్నీ వాడి నడుము మీది తోలు మీద పోశాను. ఆరిన తోలు ఆ నీళ్ళను చప్పుడు చేస్తూ తాగింది. పంచె మీదుగా కారి, కాళ్ళ కాడ మట్టి మీద పడి, కనపడకుండా పోయాయి.

"ఏం జేస్తాండావబ్బా!"

"ఒకపక్క పట్టు రాలేదు. మళ్ళా మొదట్నుంచి ఆరల్ల."

"మొదట్నుంచా? ఇంగెంతసేపు?"

"మూడు దాంక."

"మూడా? మూడెందుకు?"

నేను ఖాళీ గ్లాసు పట్టుకొని అక్కడే నిలబడ్డాను. వాడు నెల రోజుల్లో మొదటిసారి నా చేతుల మీదినుంచి కళ్ళు పైకెత్తి నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా రెప్ప వేయలేదు.

"ఏ ఊరంటివప్పా నీది?"

"హాలహర్వి పక్కన. నా పెండ్లాందయితే మాధవరం. మీ మిల్లులో పత్తి ఏరుతా ఉండె."

వాడి చెయ్యి వాడిని అడక్కుండానే నడుము కాడికి పోయింది. పిడి పట్టుకుంది. లాగింది. తోలు వదల్లేదు. ఒక్క గ్లాసు నీళ్ళకు మెత్తబడే మొండితనం కాదు అది. రెండు చేతులతో లాగాడు. బెల్టు పైకి లేచింది, చొక్కా లేచింది, పొట్ట కనపడింది, సాయంత్రం వియ్యంకుడికి చూపించాలనుకున్నదంతా కనపడింది. తోలు వదల్లేదు. అందులో తూటాలు లేవన్న సంగతి కూడా వాడికి గుర్తు లేదు. నలభై ఏళ్ళలో నేను కుట్టినదేదీ అంత గట్టిగా పట్టుకోలేదు.

"ఉమేషూ! లేయ్, ఉమేషూ!"

కారు అద్దం దిగలేదు. ఏసీ చప్పుడు మాత్రం వస్తోంది.

వాడు కారు వైపు ఒక అడుగు వేశాడు. మోకాలు మడత పడింది. రెండో అడుగు పడలేదు. రెండు చేతులూ ఇంకా ఆ పిడినే పట్టుకొని ఉన్నాయి.

"కదలద్దండి సావుకారీ" అన్నాను. "కదిలితే మళ్ళా జారతాది."

వచ్చి పట్టా మీద కూర్చున్నాను. కుండ మీద మూత పెట్టాను, మూత మీద గ్లాసు బోర్లించాను. సుంకులమ్మ ఫోన్లో టైము చూశాను. ఒకటీ పావు.